సర్క్యూట్ ట్రైనింగా, బరువులా?

ప్రశ్న: నా వయసు 42. బ్యాంకులో రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున మాత్రమే జిమ్‌కు వెళ్లగలను. సర్క్యూట్ ట్రైనింగ్ చేయమని కోచ్, బరువులే ఎత్తమని మిత్రులు చెబుతున్నారు. నాకు ఏది మేలు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీకు ముందుగా కావలసింది బలమా, దమ్మా అన్నది తేల్చుకోండి. 1953లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆండర్సన్ రూపొందించిన సర్క్యూట్ పద్ధతిలో స్క్వాట్, పుషప్ వంటి వ్యాయామాలను దాదాపు విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి చేస్తారు కాబట్టి, కాళ్లు పనిచేస్తున్నప్పుడు చేతులకు విశ్రాంతి దొరుకుతుంది గానీ గుండెకు దొరకదు. తక్కువ సమయంలో దమ్ము పెరగడానికి కారణం అదే. సంప్రదాయ పద్ధతిలో ఒకే వ్యాయామాన్ని ఎక్కువ బరువుతో ఐదారు సార్లు చేసి, రెండు మూడు నిమిషాలు ఆగుతారు. ఈ ఆగడాన్ని చాలామంది బద్ధకమనుకుంటారు, ముఖ్యంగా మెషీన్ కోసం పక్కన ఎదురుచూసేవారు. కానీ కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, ఖర్చయ్యాక చాలావరకు తిరిగి నిండడానికి ఆ వ్యవధి అవసరం. అది లేకపోతే తర్వాతి సెట్‌లో బరువు తగ్గించక తప్పదు, బరువు తగ్గితే గరిష్ఠ బలం పెరగడం మందగిస్తుంది.

మీ విషయంలో నేనైతే రెండు రోజులు బరువులు, ఒక రోజు సర్క్యూట్ అంటాను. బరువైన డెడ్‌లిఫ్ట్‌ను (నేల మీది బరువును వంగి పట్టుకుని, నిటారుగా లేస్తూ ఎత్తడం) మాత్రం సర్క్యూట్‌లో చేర్చకండి. ఆయాసపడుతున్నప్పుడు నడుము నిటారుగా నిలవదు. రక్తపోటు ఉంటే వైద్యుణ్ని సంప్రదించాకే మొదలుపెట్టండి, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి.