కార్పెట్ మొక్కల కోసం ఈఎంఐ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇంట్లో రెండడుగుల అక్వేరియం పెట్టి, దాని అడుగు భాగమంతా తివాచీలా పాకే కార్పెట్ మొక్కలు పెంచాలని ఎన్నాళ్లుగానో కోరిక. దుకాణంలో చెప్పిన ధరలు: ట్యాంకు, స్టాండు 14,000, లైటు 9,000, సాయిల్ (మొక్కలు నాటే మట్టి) 5,000, మొక్కలు 4,000, ఫిల్టరు 11,000, సీఓటూ సెట్టు (నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ పంపేది) 12,000, చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) 25,000. మొత్తం 80,000 రూపాయలు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, పాప స్కూలు ఫీజు కోసం కడుతున్న రికరింగ్ డిపాజిట్‌ను మూసేయాలా? ఖర్చులు పోను నెలకు 10,000 మిగులుతుంది. జులై నుంచి దీనికోసమే పక్కన పెట్టగలను.

జవాబు: రెండూ వద్దు. డిపాజిట్‌ను ముందే మూసేస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, దాన్ని భరించవచ్చు. జూన్‌లో ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు చిక్కు. ఇక నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. 15 శాతం రేటు అనుకుంటే మీ మొత్తానికి అది సుమారు 1,100 రూపాయలు, ప్రాసెసింగ్ రుసుము అదనం. నగదు ఇచ్చి బేరమాడే వీలు కూడా పోతుంది.

అసలు ఈ సామానంతా ఒకేసారి కొనాల్సిన పని లేదు. కార్పెట్ మొక్కలను నీళ్లు నింపకుండానే పెంచే పద్ధతి ఉంది, డ్రై స్టార్ట్ అంటారు. సాయిల్‌ను బాగా తడిపి, మొక్కను చిన్న చిన్న పిలకలుగా విడదీసి, పట్టకారుతో ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడంలో నాటి, పైన ప్లాస్టిక్ కవరు కప్పుతారు. ఆకులకు గాలి నుంచే కార్బన్ డయాక్సైడ్ అందుతుంది కాబట్టి ఆ ఆరు నుంచి ఎనిమిది వారాలు సీఓటూ సెట్టు గానీ ఫిల్టరు గానీ అక్కర్లేదు. నీటి ప్రవాహం ఉండదు కనుక లేత వేళ్లు పైకి తేలిపోవు. బూజు పట్టకుండా రోజూ కాసేపు కవరు తీస్తే చాలు.

జులై నుంచి సెప్టెంబరు దాకా దాచిన 30,000తో అక్టోబరులో ట్యాంకు, లైటు, సాయిల్, మొక్కలు కొనండి. మొక్కలకు 4,000 ఎక్కువ. రెండు మూడు టిష్యూ కల్చర్ కప్పులు (ప్రయోగశాలలో శుభ్రంగా పెంచి కప్పుల్లో అమ్మే మొక్కలు) చాలు, ఓపికగా విడదీస్తే అవే పాకుతాయి. వాటితో నత్తలూ నాచూ వెంట రావు. కార్పెట్ మొక్కల రకాల్లో హెచ్‌సీ క్యూబా అందంగా ఉంటుంది కానీ మహా సుకుమారం. మొదటిసారి పెంచేవారు మాంటే కార్లో రకం ఎంచుకోవడం మేలు. ఆ తర్వాతి మూడు నెలల పొదుపుతో డిసెంబరు చివరికి ఫిల్టరు, సీఓటూ సెట్టు వస్తాయి. ఒక్క షరతు: సీఓటూ సెట్టు ఇంటికి రానిదే ట్యాంకులో నీళ్లు నింపకండి. గాలిలో పెరిగిన ఆకులు నీటి కింద కార్బన్ డయాక్సైడ్ చాలక కరిగిపోతే మొక్కల మీద పెట్టిన డబ్బంతా పోయినట్టే.

చిల్లరును ఇప్పుడే కొనవద్దు. హైదరాబాదు వేసవిలో నీరు వేడెక్కి ఈ మొక్కలు నీరసించే మాట నిజమే. కానీ మన ఎండలు పొడిగా ఉంటాయి కనుక నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాను కూడా రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. ఆవిరైన నీటి స్థానంలో బోరు నీరు పోస్తే లవణాలు పేరుకుంటాయి, ఆర్‌ఓ నీరు పోయండి. 200 వాట్ల చిల్లరు రోజుకు 12 గంటలు నడిస్తే నెలకు 72 యూనిట్లు. ఏసీ వాడే నెలల్లో అవి పై స్లాబులోనే పడతాయి. లైటు 40 వాట్లదైతే, రోజుకు ఎనిమిది గంటలు వేసినా పది యూనిట్ల లోపే.

జనవరి నుంచి సీఓటూ రీఫిల్లు, ఎరువులు, కరెంటు కోసం నెలకు 1,000 రూపాయలు విడిగా పెట్టండి. ఏప్రిల్‌లో ఫ్యానుతో వేడి అదుపులోకి రాకపోతే అప్పుడు చిల్లరు సంగతి చూద్దాం. అప్పటికి మీ చేతిలో 30,000 పైనే ఉంటుంది.