బీరు పులియబెట్టే పాత్ర: మూతి ఎంత, మూత ఎలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంట్లో బీరు తయారుచేసుకునే పాఠకులు ఈసారి ఎక్కువగా వెడల్పు మూతి పాత్రల గురించే అడిగారు. ఒకే జవాబు సరిపోయే ప్రశ్నలను కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: సన్నమూతి గాజు కార్బాయ్ (బీరు పులియబెట్టే పెద్ద సీసా) కడగలేక విసుగొచ్చింది. వెడల్పు మూతి పాత్ర కొందామంటే, మూతి పెద్దదైతే గాలి తగిలి బీరు పాడవుతుందని మిత్రుడు భయపెడుతున్నాడు. అసలు ఎంత వెడల్పు ఉండాలి?

స్పాంజి పట్టుకున్న చెయ్యి మోచేతి దాకా లోపలికి పోవాలి. కొలత అంతే. 10 సెం.మీ. మూతి ఉన్న పాత్రలను కూడా వెడల్పు మూతి పేరుతోనే అమ్ముతారు. సన్నటి చేతులకు అవి సరిపోతాయి, పెద్ద చేతులైతే బొటనవేలి మొదలు దగ్గరే ఆగిపోతాయి. కొనేముందు బొటనవేలు లోపలికి ముడిచి, అరచెయ్యి ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడ కొలవండి. దానికి 3 సెం.మీ. కలిపితే మీకు కావలసిన మూతి వస్తుంది. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 12 నుంచి 14 సెం.మీ. మధ్య తేలుతుంది.

మూతితో పాటు పాత్ర భుజం కూడా చూడండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పులిసేటప్పుడు లేచిన నురుగు దిగిపోయాక, బీరు మట్టానికి పైన గోధుమరంగు జిగురు పట్టీ ఒకటి అంటుకుని ఉంటుంది. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) జిడ్డు, ఈస్ట్, ప్రోటీన్ కలిసి ఎండిన పట్టీ అది. గోడలు నిటారుగా ఉన్న పాత్రలో అది కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. మూతి కింద భుజం ఒక్కసారిగా వంపు తిరిగిన పాత్రలో మాత్రం ఆ పట్టీ భుజం లోపలివైపు, పైకప్పుకు అంటుకుంటుంది. పైనుంచి చూస్తే పాత్ర తళతళలాడుతూనే ఉంటుంది. టార్చి లోపలికి దించి పైకి తిప్పి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. అంచేత 14 సెం.మీ. మూతి ఉండి భుజం వంపు ఎక్కువున్న పాత్ర కన్నా, 12 సెం.మీ. మూతి ఉండి భుజం వాలుగా దిగిన పాత్రే మేలు.

ఇక మీ మిత్రుడి మాట. అందులో సగమే నిజం. మూతి వెడల్పు వల్ల బీరు పాడవదు, సరిగ్గా మూసుకోని మూత వల్ల పాడవుతుంది. 10 సెం.మీ. మూతికి చుట్టుకొలత 31 సెం.మీ. బకెట్ లాంటి 30 సెం.మీ. మూతికి 94 సెం.మీ. అంటే గ్యాస్కెట్ (మూత అంచున సందు మూసే రబ్బరు రింగు) ఒత్తుకోవలసిన పొడవు మూడింతలు, సందు పడే అవకాశమూ ఆ మేరకు ఎక్కువే. పులియడం జోరుగా ఉన్నంతకాలం లోపలి నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి చిన్న సందు వల్ల నష్టం లేదు. ఆ తోపుడు ఆగాకే ప్రమాదం మొదలవుతుంది. బరువైన వాయువు బీరు మీద దుప్పటిలా పరుచుకుని కాపాడుతుందనుకోకండి. వాయువులు కలిసిపోతాయి, సందు ఉంటే గాలి లోపలికి చేరి తీరుతుంది. అందుకే మా సలహా: పాత్ర నచ్చాక మూత చూడటం కాదు, మూత చూసి పాత్ర ఎంచుకోండి.

ప్రశ్న: గాజు, పారదర్శక పెట్ ప్లాస్టిక్, తెల్ల బకెట్, స్టీలు. వీటిలో ఏది కొనాలి?

మొదటి పాత్ర అయితే పెట్ గానీ, ఆహారానికి పనికొచ్చే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తెల్ల బకెట్ గానీ తీసుకోండి. రెండు మూడు వారాల్లో సీసాలకెత్తే బీరుకు ప్లాస్టిక్ గోడల గుండా వచ్చే ఆక్సిజన్ లెక్కలోకి రాదు. నెలల తరబడి నిల్వ ఉంచే ఘాటు బీర్లకు మాత్రం హెచ్‌డీపీఈ వద్దు. పెట్ కన్నా అది ఆక్సిజన్‌ను ఎక్కువ పోనిస్తుంది.

పెట్‌కు వేడి పడదు. 70 డిగ్రీల దగ్గర మెత్తబడి ఆకారం పోతుంది. కడిగే నీళ్లు కూడా 50 డిగ్రీలు దాటనివ్వకండి. హెచ్‌డీపీఈ వేడికి ఇంకాస్త తట్టుకుంటుంది గానీ మెత్తన, గీతలు త్వరగా పడతాయి. ఆ గీతల్లో సూక్ష్మజీవులు దాక్కుంటే శానిటైజర్ వాటిని చేరలేదు. రెండింటికీ మెత్తటి స్పాంజే వాడాలి. పీచు, బ్రష్షు, స్టీలు స్క్రబ్బరు దగ్గరికి రానివ్వకండి. గోరు తగిలేంత లోతు గీత పడిన బకెట్‌ను ధాన్యం నిల్వకో మరో పనికో మార్చేయండి.

గాజు గీతలు పడదు, వాసన పట్టదు. కానీ 19 లీటర్ల బీరుతో కలిపి బరువు 25 కిలోలు దాటుతుంది. తడి చేతుల్లోంచి జారితే ఆ ముక్కలు చేసే గాయాలు చిన్నవి కావు. వేడి గాజు మీద చన్నీళ్లు పోసినా పగులుతుంది. వెడల్పు మూతి గాజు పాత్రను మూతి అంచు పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. అడుగున చెయ్యి వేసి, లేదా ప్లాస్టిక్ క్రేటులో పెట్టి కదపండి. పారదర్శకమైన ఏ పాత్రనైనా నల్లగుడ్డతో కప్పాలి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విడిపోయి ఘాటైన గంధకపు కంపు వస్తుంది. నేరుగా ఎండ పడితే దానికి కొద్ది నిమిషాలు చాలు.

స్టీలు అన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నుతుంది, వేడికి భయం లేదు. లోపల ఏం జరుగుతోందో కనిపించదు, ఖర్చూ ఎక్కువే. కొనేటప్పుడు లోపలి అతుకుల మీద వేలు రాసి చూడండి. గరుగ్గా తగిలితే వదిలేయండి. కొత్త పాత్రకు యంత్రాల నూనె అంటి ఉంటుంది. ముందు వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగాకే మిగతా పనులు. బ్లీచింగ్ ద్రావణం మాత్రం పనికిరాదు, క్లోరైడ్ స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది.

ప్రశ్న: నేను 19 లీటర్లు చేస్తాను. 20 లీటర్ల పాత్ర చాలదా?

చాలదు. నురుగుకు చోటు కావాలి. మామూలు ఏల్ బీరుకు పాత్రలో 20 నుంచి 25 శాతం ఖాళీ ఉంచాలి, అంటే 25 లీటర్ల పాత్ర. గోధుమ బీరు ఈస్ట్‌లు, ఎక్కువ గ్రావిటీ (చక్కెర ఎంత ఉందో చెప్పే సాంద్రత) ఉన్న వోర్ట్ (ఇంకా పులియని తీపి ధాన్యరసం) బాగా పొంగుతాయి. వాటికి 30 శాతం, అంటే 27 లీటర్లు కావాలి. పాత్ర మీద అచ్చువేసిన గీతలను నమ్మకుండా కాటా మీద పెట్టి నీళ్లు పోసి సరిచూసుకోండి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి.

చోటు తక్కువైతే ఎయిర్‌లాక్ (లోపలి వాయువును నీళ్ల గుండా బయటికి వదిలే చిన్న పరికరం) తీసేసి, లోపలి వ్యాసం కనీసం 12 మి.మీ. ఉన్న గొట్టాన్ని మూత రంధ్రంలో బిగించి, రెండో కొసను శానిటైజర్ ఉన్న సీసాలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచండి. సన్నటి గొట్టమైతే హాప్స్ ముక్కలు అడ్డుపడతాయి. అప్పుడు లోపలి ఒత్తిడి మూతనే లేపేస్తుంది.

ప్రశ్న: వెడల్పు మూతి పాత్ర కొన్నాక ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ కూడా రావడం లేదు. ఈస్ట్ చచ్చిపోయిందా?

మూత తెరవకండి. ముందు పాత్ర గోడవైపు చూడండి. నురుగు పట్టీ కనిపిస్తే ఈస్ట్ పనిచేస్తున్నట్టే, వాయువు మూత అంచు నుంచి పోతోందన్నమాట. హైడ్రోమీటరుతో గ్రావిటీ చూసి, మూడు రోజుల తర్వాత మళ్లీ చూడండి. తగ్గుతుంటే బీరుకు ఢోకా లేదు. పులియడం అయిపోయిందో లేదో బుడగలు చెప్పవు, గ్రావిటీయే చెబుతుంది.

ఈ బ్యాచ్ దిగాక పాత్రను ఇలా పరీక్షించండి. ఖాళీ పాత్రలో 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు రెండు లీటర్లు పోసి, వెంటనే మూత బిగించి, ఎయిర్‌లాక్ పెట్టి పాత్రను మెల్లగా గుండ్రంగా తిప్పండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి ఎయిర్‌లాక్‌లో బుడగలు రావాలి. రాకపోతే సబ్బునీళ్లు మూత అంచు చుట్టూ చల్లండి. నురుగు బుడగలు ఎక్కడ ఉబ్బితే సందు అక్కడే. ఎయిర్‌లాక్ దిగే రబ్బరు రింగు చుట్టూ కూడా చల్లండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

మర మూత అయితే గట్టిగా బిగించిన కొద్దీ సందు పెరగొచ్చు. పొడి గ్యాస్కెట్ మూతతో పాటు తిరిగి, మెలిపడి, గాడిలోంచి ఒకచోట బయటికి వస్తుంది. గ్యాస్కెట్‌ను శానిటైజర్‌తో తడిపి, గాడిలో చదునుగా కూర్చోబెట్టి, మూత గ్యాస్కెట్‌కు తగిలాక ఇంకో పావు చుట్టు తిప్పి ఆపండి. నొక్కి పెట్టే బకెట్ మూతలకైతే ఏళ్లు గడిచేకొద్దీ అంచు సాగుతుంది. పాత మూతకు మందు లేదు, కొత్త మూత కొనాలి. ఏ రకమైనా పాత్రతో పాటు ఒక గ్యాస్కెట్ అదనంగా తెచ్చుకోండి. విడిగా గ్యాస్కెట్ దొరకని పాత్రను కొనవద్దనే మేం చెబుతాం.

ప్రశ్న: పులిసిన బీరును ఫ్రిజ్‌లో 2 డిగ్రీలకు దించితే పెట్ పాత్ర పక్కలు లోపలికి సొట్టపడ్డాయి. ఎయిర్‌లాక్‌లో నీళ్లు మాయం. మూత రావడం లేదు.

మూడింటికీ కారణం ఒకటే. 20 డిగ్రీల నుంచి 2 డిగ్రీలకు దిగితే పైనున్న వాయువు 6 శాతం కుంచించుకుపోతుంది. ఆరు లీటర్ల ఖాళీ ఉంటే 350 మి.లీ.కు పైమాటే. దానికి తోడు 2 డిగ్రీల బీరు కార్బన్ డయాక్సైడ్‌ను 20 డిగ్రీల దగ్గర కన్నా దాదాపు రెండింతలు కరిగించుకోగలదు, కాబట్టి పైనున్న వాయువును పీలుస్తూ పోతుంది. ఆ లోటు పూడటానికి మూడు ముక్కల ఎయిర్‌లాక్‌లోని నీళ్లు బీరులోకి వెళ్లాయి. వాటి వెనకే గాలి కూడా వెళ్లింది.

మూత తియ్యడానికి ముందు ఎయిర్‌లాక్ ఊడదీయండి, పీల్పు వదులుతుంది. అయినా రాకపోతే మరల్లో నురుగు ఎండి అంటుకుని ఉంటుంది. 45 డిగ్రీల నీళ్లలో తడిపిన గుడ్డను మూత చుట్టూ ఐదు నిమిషాలు కట్టి ఉంచి, పట్టీ స్పానర్‌తో మెల్లగా తిప్పండి. సుత్తి, స్క్రూడ్రైవర్ వాడితే మూతి అంచు చిట్లుతుంది. ఇక ఆ పాత్ర ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు.

వచ్చేసారి పులియడం మంచి ఊపులో ఉన్నప్పుడే మూత రంధ్రానికి గొట్టంతో శుభ్రమైన, గాలి పోనివ్వని సంచి తగిలించండి. లోపలి వాయువే దాన్ని నింపుతుంది. నిండగానే సంచి నోరు నొక్కి విడదీసి, చల్లబరిచేముందు మళ్లీ తగిలించండి. పాత్ర గాలికి బదులు తన వాయువునే వెనక్కి తీసుకుంటుంది. సంచి లేకపోతే కనీసం ఎస్ ఆకారం ఎయిర్‌లాక్ పెట్టండి. నీళ్లు గీత దాకానే ఉంటే అది గాలిని లోపలికి పంపినా నీళ్లను పంపదు. గొట్టం కొస సీసాలో ముంచి ఉంటే చల్లబరిచేముందు తప్పకుండా తీసేయండి, లేదంటే సీసా మొత్తం బీరులోకే. రంధ్రం మూసేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. మామూలు పెట్ పాత్ర ఒత్తిడికీ పీల్పుకీ తయారుచేసింది కాదు.

ప్రశ్న: అడుగున కుళాయి ఉన్న పాత్ర మంచిదా?

సౌకర్యమే. మూత తెరవకుండా గ్రావిటీ చూడటానికి బీరు తీసుకోవచ్చు, సైఫన్ బెడద ఉండదు. కానీ ప్రతి బ్యాచ్ తర్వాతా దాన్ని పూర్తిగా విప్పాలి. కుళాయి లోపల తిరిగే భాగం వెనక ఎండిన వోర్ట్ మిగిలితే, వరసగా బ్యాచ్‌లన్నీ పుల్లబడతాయి. విప్పడానికి వీల్లేని కుళాయి వద్దు. కుళాయి నోరు అడుగు నుంచి 3, 4 సెం.మీ. ఎత్తున ఉంటే మడ్డి రాదు. కొత్తది బిగించాక కుళాయి మునిగేదాకా నీళ్లు నింపి, కింద పొడి కాగితం పరిచి రాత్రంతా ఉంచండి. బీరు తీసే ముందూ తీసిన తర్వాతా కుళాయి ముక్కులోకి శానిటైజర్ కొట్టండి.

ప్రశ్న: బీరుకు ప్లాస్టిక్, మందుల వాసన వస్తోంది. పాత్ర నాసిరకమా?

బ్లీచింగ్‌తో కడుగుతున్నారా? క్లోరిన్, బీరులోని ఫినాల్స్ కలిస్తే ఆ వాసనే వస్తుంది, అతి కొద్ది మోతాదులోనూ తెలుస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ వల్ల కూడా రావచ్చు. కడగడానికి లీటరు గోరువెచ్చని నీళ్లకు 5 గ్రాముల సోడియం పెర్‌కార్బొనేట్ కలిపి అరగంట నానబెట్టి, స్పాంజితో తుడిచి బాగా జాలించండి. వాడేముందు ఫాస్ఫారిక్ ఆమ్లపు శానిటైజర్, లీటరుకు సుమారు 1.5 మి.లీ., రెండు నిమిషాలు తడిగా ఉంచితే చాలు. జాలించక్కర్లేదు.

ప్రశ్న: హాప్స్ పెల్లెట్లు (పొడిచేసి అదిమిన గుళికలు) చివర్లో వేయడానికి వెడల్పు మూతి ఉపయోగమేనా?

చాలా ఉపయోగం. పెల్లెట్లు తడిసి బాగా ఉబ్బుతాయి. 60 గ్రాముల సంచి సన్నమూతిలోకి తేలిగ్గా దూరుతుంది, తిరిగి రాదు. సంచిలో నాలుగైదింతలు ఖాళీ వదిలి మూతి కట్టండి. లేకపోతే నడుమ పెల్లెట్లు పొడిగానే మిగిలిపోతాయి. అయితే పులియడం పూర్తయ్యాక మూత తెరవకండి. గ్రావిటీ చివరికి 1.012కు వస్తుందనుకున్న బీరైతే 1.016 దగ్గర వేయండి. మిగిలిన చక్కెరను ఈస్ట్ తింటూ, లోపలికొచ్చిన ఆక్సిజన్‌ను కూడా చాలావరకు వాడేసుకుంటుంది. ఒక జాగ్రత్త: బీరులో కరిగి ఉన్న వాయువు పెల్లెట్ పొడి తగలగానే ఒక్కసారిగా పైకి తన్నుతుంది. సంచిని ముందు వేలెడు లోతు మాత్రమే ముంచి, నురుగు లేచి తగ్గేదాకా ఆగి, అప్పుడు మిగతాది వదలండి. నురుగు మూతి అంచుకు తగిలితే శానిటైజర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, గ్యాస్కెట్ తడిగా ఉందో లేదో చూసుకుని మూత బిగించండి.