డాగ్ ఫుడ్ లేబుల్‌లో మొదటి పేరు చికెన్ అయితే అది మంచి ఆహారమేనా?

మొదటి పేరు చికెన్ అయినంత మాత్రాన అందులో మాంసమే ఎక్కువని చెప్పలేం. పదార్థాలను వండకముందున్న బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, ఆ బరువులో నీళ్లూ కలిసే ఉంటాయి. పచ్చి చికెన్‌లో దాదాపు 70 శాతం నీరే. 30 కిలోల చికెన్, 20 కిలోల బియ్యం, 20 కిలోల మొక్కజొన్నతో పొడి గుళికలు చేశారనుకోండి. లేబుల్‌పై చికెన్‌దే మొదటి స్థానం. నీరు పోయాక మాత్రం దాని వంతు సుమారు 9 కిలోలే, ధాన్యాలు రెండూ కలిపి 35 కిలోల దాకా మిగులుతాయి. ఒకే ధాన్యాన్ని పిండి, తవుడు, గ్లూటెన్ (ధాన్యంలోని ప్రోటీన్) అని విడగొట్టి రాసినా ఇదే మాయ, ఒక్కోదాని బరువు తగ్గి జాబితాలో కిందికి పోతుంది.

కాబట్టి 'చికెన్ మీల్' చూసి ముఖం చిట్లించక్కర్లేదు. అది నీరు, కొవ్వు చాలావరకు తీసేసిన పొడి, ప్రోటీన్ దండిగా ఉంటుంది. ఏ జంతువుదో చెప్పకుండా ఉత్త 'మీట్ మీల్' అంటేనే అనుమానించాలి.

బై-ప్రొడక్ట్ (కండ కాకుండా జంతువులోని మిగతా భాగాలు) అంటే చెత్త అన్నది చాలామంది అపోహ. కాలేయం, మూత్రపిండాలూ ఆ లెక్కలోకే వస్తాయి. కాలేయంలో విటమిన్ ఎ, ఇనుము కండలో కంటే ఎక్కువ. అసలు ఈ జాబితా కంటే ముందు వెతకాల్సింది, మీ కుక్క వయసుకు అది 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' (కావాల్సిన పోషకాలన్నీ సరైన పాళ్లలో ఉన్న ఆహారం) అని రాశారా లేదా అన్నది.