మా ఇల్లు 1344 నాటిదేనా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా ఊళ్లో తాతల నాటి భవంతి ఇల్లు ఉంది. రిపేరు చేయిస్తూ దర్వాజ మీది పాత పెయింట్ గీకిస్తే పైచెక్క మీద రెండు వరసల రాత బయటపడింది. పై వరస ఉర్దూ అని, ‘యే మకాన్ సన్ 1344 మే తామీర్ హువా’ అని ఉందని తెలిసినాయన ఒకరు చదివి చెప్పారు. కింది వరస తెలుగే: ‘భావ నామ సం॥ మాగ శు ౧౦ గృ॥ ప్ర॥’. 1344 అంటే దేవరకొండ కోట కట్టిన కాలం నాటి ఇల్లని మా పెద్దనాయన సంబరపడుతున్నారు. అది నిజమేనా? ‘శు ౧౦’ అంటే శుక్రవారం పదో తారీఖా? ‘గృప్ర’ ఎవరి పేరు? ఇదంతా నిధి గుర్తు అనేవాళ్లు కూడా ఉన్నారు. తెలుగులో అర్థం రాయించి పక్కన పెట్టుకోవాలని ఉంది.

సమాధానం: మీ పెద్దనాయన సంబరం మీద నీళ్లు చల్లక తప్పదు. చెక్క మీది 1344 క్రీస్తు శకం కాదు, ఫస్లీ, అంటే నైజాం సర్కారు వాడిన ఏళ్ల లెక్క. దానికి 590 కలిపితే 1934 వస్తుంది. నైజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది కాబట్టి 1344 ఫస్లీ అంటే 1934 అక్టోబర్ నుంచి 1935 అక్టోబర్ దాకా.

చదివి పెట్టినాయన తప్పు చదవలేదు, ఒక్క అక్షరం వదిలేశారంతే. మీరు పంపిన ఫోటోలో అంకెల కింద పొడుగ్గా సాగిన గీత ఉంది చూడండి, అదే ‘సన్’, అంటే సంవత్సరం. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఆ అంకెలకు ఎడమ పక్కన చిన్న అక్షరం ఒకటి ఇరికించి చెక్కారు. అది ఏ లెక్క ప్రకారం సంవత్సరమో చెప్పేది ఆ అక్షరమే. ‘ఫే’ అయితే ఫస్లీ, ‘హే’ అయితే హిజ్రీ, అంటే ముస్లింల పంచాంగం లెక్క. ‘ఫే’కు గుండ్రటి తల, దాని మీద ఒక చుక్క ఉంటాయి. మీ దర్వాజ మీద తల కనిపిస్తోంది కానీ, చుక్క ఉండాల్సిన చోట ఎనామిల్ పెయింట్ ముద్దకట్టి ఉంది. ఆ అక్షరం ఒక్కదాన్నే నమ్ముకుంటే హిజ్రీ అని ఎవరైనా వాదించవచ్చు. హిజ్రీ 1344 అంటే 1925-26, తొమ్మిదేళ్ల తేడా వస్తుంది.

ఈ తగువు తీర్చేది కింది తెలుగు వరస. భావ నామ సంవత్సరం 1934 ఉగాది నుంచి 1935 ఉగాది దాకా నడిచింది. 1925-26 క్రోధన. కనుక హిజ్రీ పొసగదు. అలాగని ‘భావ’ ఒక్కటే ఉన్నా చాలదు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కదా! 1874-75 కూడా భావే. ఫస్లీ, సంవత్సరం పేరు రెండూ కలిసి ఒక్క చోటే కుదురుతాయి. మాఘ మాసం కాబట్టి అది 1935 ఫిబ్రవరి. పాత ఇళ్ల మీది రాతల్లో ఏదో ఒక వరస చూసి కాలం తేల్చేస్తుంటారు. మీ ఇంటి విషయంలో జరిగిందీ అదే.

ఇక ‘శు ౧౦’. పాత రాతల్లో ‘శు’ శుద్ధ పక్షానికీ వస్తుంది, శుక్రవారానికీ వస్తుంది. నెల పేరు వెంటనే వచ్చి, తర్వాత అంకె ఉంటే అది పక్షమే. తిథి అంకె అయిపోయాక వస్తే వారం. మీ చెక్క మీద ‘మాగ’ తర్వాత, ‘౧౦’కు ముందు ఉంది కాబట్టి శుద్ధ దశమి. అక్కడ ‘బ’ ఉంటే బహుళ పక్షం అనుకోవాలి. అక్షరం పక్కన రెండు నిలువు గీతలుంటే ఆ మాట కుదించి రాశారని గుర్తు. సం॥ అంటే సంవత్సరం అయినట్టే గృ॥ ప్ర॥ అంటే గృహప్రవేశం. గృప్ర అనే పెద్దమనిషి మీ వంశంలో ఎవరూ లేరు! ‘మాఘ’ను ‘మాగ’ అన్నది చెక్కిన వడ్లాయన చలవ. నోటితో అన్నట్టే చెక్కాడు, దాన్ని దిద్దించకండి.

ఒకే చెక్క మీద రెండు భాషలెందుకంటే, ఆ రోజుల్లో దఫ్తరు పనంతా ఉర్దూలో, ఏళ్ల లెక్క ఫస్లీలో. ముహూర్తం మాత్రం పంచాంగం చూసి అయ్యగారు పెట్టాల్సిందే. కట్టడానికి సర్కారు లెక్క, కాలు పెట్టడానికి పంచాంగం లెక్క వేసుకున్నారన్నమాట. ఆంధ్రమహాసభ రెండో సభ 1931లో మీ దేవరకొండలోనే జరిగింది. తెలుగుకు చోటు కావాలని గట్టిగా అడుగుతున్న రోజులవి. గడప దాటే ప్రతివాడి తల మీద తెలుగు వరస ఉండేలా చెక్కించిన మీ తాతగారి మీద నాకైతే గౌరవం కలిగింది.

రాయించుకోవడానికి ఇది చాలు: ‘ఈ ఇల్లు కట్టినది 1344 ఫస్లీలో. గృహప్రవేశం భావ నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి (1935 ఫిబ్రవరి)’. ‘నిర్మించబడినది’ అని మాత్రం రాయించకండి. తామీర్ హువా అన్నది అక్కడ మామూలు మాట, తెలుగులోనూ మామూలుగానే ఉండనివ్వండి. నైజాం కాలంలో ఇళ్లు, రోడ్లు కట్టించే శాఖను తామీరాత్ అనేవారు. ఊళ్లో పెద్దవాళ్లనడిగితే ఆ మాట గుర్తుపడతారు.

చుక్క కోసం కత్తితో గీకకండి. చీకటి పడ్డాక టార్చ్ లైటు పక్క నుంచి వేసి చూస్తే చెక్కిన గుంటలు నీడ పడి తేలతాయి. పాత దస్తావేజులుంటే తీసి చూడండి. ఆజుర్, దై, బహమన్, ఫర్వర్ది లాంటి నెలల పేర్లు కనిపిస్తే అవి ఫస్లీ తారీఖులే.

నిధి అన్నవాళ్లకు రాయించుకోమన్న ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించండి. అందులో తవ్వమని ఎక్కడా లేదు.