బాబు కోపం చూపించి తండ్రి కస్టడీ అడగొచ్చా?

ప్రశ్న: మా అక్క చనిపోయి మూడేళ్లయింది. వాళ్ల బాబుకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. తండ్రి బెల్టుతో కొట్టేవాడు, అన్నం పెట్టకుండా గదిలో పెట్టి గడియ వేసేవాడు. ఏడాదిగా మా దగ్గరే ఉంటున్నాడు. బిస్కెట్లు దిండు కింద దాచుకుంటాడు. చిన్న మాటకే వస్తువులు విసిరేసి, కాసేపటికి వచ్చి ‘పిన్నీ, నన్ను పంపించేస్తావా?’ అంటాడు. చదివింది గుర్తుండదు. స్కూలువాళ్లు టీసీ ఇస్తామంటున్నారు. ‘నీ పెంపకంలో వాడు పాడయ్యాడు, కోర్టుకెళ్లి తెచ్చుకుంటా’ అని బావ బెదిరిస్తున్నాడు. ఈ ప్రవర్తన మాకు వ్యతిరేకమవుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దాచిపెడితే వ్యతిరేకమవుతుందమ్మా. మీరే ముందుగా కోర్టుకు చెబితే, అదే మీకు బలం.

ఇంట్లోనే దెబ్బలు తిన్న పిల్లల మనసు ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటుంది. ఎవరు ఎప్పుడు చెయ్యెత్తుతారో అని చూసుకునే పిల్లాడికి లెక్క మీద ధ్యాస నిలవదు, చెప్పింది గుర్తుండదు. తెలివి లేక కాదు. మిమ్మల్ని నమ్మాలని ఉంటుంది, నమ్మాలంటే భయం. అందుకే విసిరేస్తాడు, మళ్లీ మీ కొంగే పట్టుకుంటాడు. బాబును ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించి, నివేదిక రాతపూర్వకంగా తీసుకోండి. పాత దెబ్బల మచ్చల ఫొటోలు, తేదీలతో మీరు రాసుకున్న డైరీ కూడా పనికొస్తాయి.

తండ్రి సహజ సంరక్షకుడే. కానీ 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం. 2008లో నీల్ రతన్ కుందు కేసులో తండ్రి మీద క్రిమినల్ కేసు ఉండటాన్నీ, బాబు ఇష్టాన్నీ పట్టించుకోవాలని చెప్పి, సుప్రీంకోర్టు పిల్లాణ్ణి అమ్మమ్మ, తాతయ్యలకే అప్పగించింది.

మీ బావ కోర్టుకెళ్లేదాకా ఆగకండి. ముందు జిల్లా బాలల సంక్షేమ కమిటీకి అర్జీ ఇవ్వండి. బాబును మీ దగ్గరే ఉంచమని కోరండి. పోలీసులకూ ఫిర్యాదు చేయండి. జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఇలాంటి హింసకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆయన బలవంతంగా తీసుకెళ్లడానికి వస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. సంరక్షకురాలిగా నియమించమని ఫ్యామిలీ కోర్టులో వేసే పిటిషన్‌లో తుది తీర్పు వచ్చేదాకా బాబు మీ దగ్గరే ఉండేలా మధ్యంతర ఉత్తర్వులు కూడా అడగండి.

టీసీ సంగతి: విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి గెంటేయకూడదు. హెడ్మాస్టరుకు ఆ సెక్షన్ పేర్కొంటూ ఉత్తరం రాయండి, డాక్టరు నివేదిక జతచేయండి.

ఒక్క జాగ్రత్త. జడ్జిగారు బాబుతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో నేర్పించకండి, తండ్రిని వాడి ముందు తిట్టకండి. నేర్పిన మాటలు జడ్జిలు ఇట్టే పసిగడతారు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకూ పిల్లలకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది, ఈ వారమే వెళ్లండి.