ఇంబ్రోలియో అంటే ఏంటి?

ప్రశ్న: ఇంగ్లిష్ పేపర్లలో రాజకీయాల వార్తల మీద 'ఇంబ్రోగ్లియో' అని కనబడుతుంటుందండీ, అర్థం ఏంటి, ఎక్కణ్ణుంచి వచ్చింది?

జవాబు: ముందు ఒక మాట, అందులో జి పలకదండీ, ఇంబ్రోలియో అనాలి. ఇది ఇటాలియన్ మాట, చిక్కుపెట్టడం, గందరగోళం చేయడం అనే క్రియ నుంచి పుట్టింది, ఇంగ్లిష్‌లోకి 18వ శతాబ్దంలో వచ్చింది. మొదట్లో చిందరవందరగా పడున్న కుప్పని అనేవాళ్లు, తర్వాత నలుగురూ ఇరుక్కుపోయి ఎవరి తగువు ఎవరితోనో తేలని వ్యవహారానికి స్థిరపడింది. గొడవలోకి లాగడం అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట ఎంబ్రాయిల్ దీనికి చుట్టమే, అది ఫ్రెంచ్ దారిన వచ్చింది.

నాకు బాగా నచ్చేది దీని సంగీతం అర్థం. వేరు వేరు తాళాలు కావాలనే ఒకేసారి కలిపి వాయించి గందరగోళం పుట్టించడాన్ని కూడా ఇంబ్రోలియో అనే అంటారు. సంగీతకారుడు మొజార్ట్ 1787లో ప్రాగ్‌లో ప్రదర్శించిన డాన్ జొవాన్నీ ఒపెరాలో (పాటలతో నడిచే నాటకం) డాన్సుల విందు సీన్ ఉంది చూడండి, స్టేజి మీద మూడు వాద్యబృందాలు మూడు డాన్సులకి మూడు తాళాల్లో ఒకేసారి వాయిస్తాయి, దొరలకి ఒకటి మామూలు జనాలకి ఇంకోటి, అయినా ఎక్కడా తెగదు, ఎంత అద్భుతమో! తప్పకుండా వినండి.

ఇటలీలో మాత్రం ఇవాళ ఇంబ్రోలియో అంటే మోసం అని కూడా అర్థం, మోసగాణ్ణి ఇంబ్రోలియోనె అంటారు.