అబ్బాయి గది దాటి రావట్లేదు, గ్రూప్ కౌన్సెలింగ్‌కి పంపొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మా అబ్బాయికి 22 ఏళ్లు, బీటెక్ అయింది. ఉద్యోగం రాలేదని ఏడాదిగా గదిలోనే ఉంటున్నాడు, ఫ్రెండ్స్ ఫోన్ చేసినా ఎత్తడు, అన్నం కూడా గదిలోకే. మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యానం లాంటి సాధన) గ్రూప్ కౌన్సెలింగ్‌కి పంపమంటున్నారు. మనుషులంటేనే తప్పుకునేవాణ్ణి పదిమందిలో కూర్చోబెడితే ఇంకా ముడుచుకుపోడా?

జవాబు: మీ భయం సరైనదేనమ్మా, అందుకే నేరుగా గ్రూప్‌కి పంపకండి. ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించండి, ఇది డిప్రెషనా, సోషల్ యాంగ్జైటీనా (నలుగురిలోకి వెళ్లాలంటే విపరీతమైన భయం), ఇంకేమైనానా అన్నది తేలాలి. విజయవాడ కొత్త ప్రభుత్వాసుపత్రిలో, గుంటూరు జీజీహెచ్‌లో ఆ ఓపీ ఉంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటున్నా, అందరూ తన గురించే చెప్పుకుంటున్నారని గట్టిగా నమ్ముతున్నా ముందు మందులు కావాలి, ఆ స్థితిలో కళ్లు మూయించి ఎక్కువసేపు కూర్చోబెడితే కొందరికి ఇబ్బంది పెరుగుతుంది కూడా.

అలాంటివి లేకపోతే గ్రూప్ మంచిదే. లేచి నిలబడి నీ కథ చెప్పు అని ఎవరూ అడగరు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన 8 వారాల ప్రోగ్రామ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, వారానికోసారి కలుస్తారు, మిగతా రోజులు ఇంట్లో ప్రాక్టీస్. ఊపిరిని గమనించడం, పాదాలు నేలకి ఆనిన చోటు గమనించడం, 'నన్ను చూసి ఫెయిలయ్యాడనుకుంటున్నారు' అనే ఆలోచన వస్తే అదే నిజమని పట్టుకోకుండా ఇదొక ఆలోచన అని చూడగలగడం, అంతే. యాప్‌లో కూడా నేర్చుకోవచ్చు కదా అంటారు, కానీ మీవాడి భయమే మనుషులంటే, అది తగ్గాల్సింది కూడా మనుషుల మధ్యే. పక్కన కూర్చున్నవాడు 'చుట్టాల పెళ్లికి వెళ్లాలంటే నాకూ గుండె దడే' అన్నప్పుడు కలిగే ఊరట నేను ఎన్ని మాటలు చెప్పినా రాదు.

కౌన్సెలర్‌తో కొన్నాళ్లు విడిగా మాట్లాడాక గ్రూప్‌లో చేర్చండి. గ్రూప్ నడిపేవాళ్లకి ఇందులో ట్రైనింగ్ ఉందా, మీవాడి వయసు వాళ్లున్నారా, మధ్యలో లేచి వెళ్లొచ్చా అని ముందే అడగండి, మొదట్లో తలుపు దగ్గర కళ్లు తెరుచుకుని కూర్చున్నా చాలు.

ఇంట్లో మాత్రం ఉద్యోగం ఊసెత్తకండి, వచ్చిన చుట్టాల్ని కూడా ఎత్తనివ్వకండి, దయచేసి. భోజనం గదిలోకి పంపడం ఒకేసారి ఆపేయకుండా ఒక పూట మీతో కలిసి తినమని అడగండి. ససేమిరా రానంటే ముందు మీరొక్కరే వెళ్లి డాక్టర్‌తో మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ టైమ్‌లోనైనా తెలుగులో మాట్లాడతారు. బతికేం లాభం లాంటి మాట ఒక్కసారి అన్నా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.